సొమ్ము కంటే ముందు కాగితం

(నిజామాబాద్‌లో ఒక మొహల్లా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఇళ్ళూ స్థలాలూ కొనడానికి డబ్బు ఏయే దారుల్లో సమకూరుతుంది, ఏ దారిలో ఏ ప్రమాదం ఉంది అనే విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము ఆర్థికవేత్తలం కాము, వకీళ్ళం కాము, ముఫ్తీలం అసలే కాము. ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై యేళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసి, పదవీ విరమణ తర్వాత ఆదివారాలు మస్జిద్ పక్క గదిలో కూర్చుని మొహల్లా వారి దరఖాస్తులు రాసిపెడుతూ, దస్తావేజులు చదివిపెడుతూ ఉన్నవాళ్ళం. కాగితం చదవడమే మాకు వచ్చిన విద్య. ఆ విద్యతో చూసినదే చెబుతాం.

ఒక కుటుంబం సంగతితో మొదలుపెడతాం. పేర్లు చెప్పము. అన్న పధ్నాలుగేళ్ళు గల్ఫ్‌లో డ్రైవరుగా పనిచేశాడు. నెలనెలా పంపిన డబ్బుతో తమ్ముడు ఇక్కడ నూట యాభై గజాల స్థలం కొని, ఇల్లు కట్టించాడు. అన్న ఇక్కడ లేడు కనుక రిజిస్ట్రేషను తమ్ముని పేర జరిగింది. తమ్ముడు ఒక్క రూపాయి తినలేదు. ఇసుక లారీ రసీదుతో సహా పుస్తకంలో రాసిపెట్టాడు. అన్న తిరిగి వచ్చే ఏడాదే గుండెపోటుతో తమ్ముడు మరణించాడు. తల్లి ఉంది, తమ్ముని భార్య ఉంది, ముగ్గురు పసిపిల్లలు ఉన్నారు, అందులో ఒకడు మగపిల్లవాడు. షరియత్ ప్రకారం ఆ ఇంటిలో భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, మిగిలినది పిల్లలకు. కొడుకు ఉన్నాడు కనుక అన్నకు వారసత్వపు వాటా లేదు. కాగితం మీద ఇరవై నాలుగు భాగాలు చేసి చూశాం. మూడు భార్యవి, నాలుగు తల్లివి, పదిహేడు పసిపిల్లలవి. ఇల్లు కట్టించినవానికి సున్న.

ఆ తల్లీ, ఆ మరదలూ మంచివారు. తమ వాటాలు వదులుకుంటామన్నారు. పిల్లల వాటా మాత్రం ఎవరు వదులుకోగలరు? మైనర్ల స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా బదిలీ చేసే అధికారం తల్లికి కూడా లేదు. పిల్లలకు నష్టం కలిగించే అనుమతిని కోర్టు ఎందుకిస్తుంది? ముగ్గురు పెద్దలు నాలుగు సార్లు కూర్చున్నారు. ఆ అన్న ఈనాటికీ అదే ఇంటి ముందు గదిలో ఉంటున్నాడు, అద్దె లేకుండా, మరదలి దయ మీద. తన ఇంట్లో తాను అతిథి అయ్యాడు.

ఈ సంగతిలో మోసగాడెవడూ లేడు. అందుకే దీనితో మొదలుపెట్టాం. రియల్ ఎస్టేట్ నష్టం అనగానే మనకు బ్రోకరు గుర్తుకు వస్తాడు, దొంగ పత్రం గుర్తుకు వస్తుంది. మా గదికి వచ్చిన వాటిలో సగం నష్టాలు సొంతవారి మధ్య, పూర్తి నమ్మకంతో, సలాం చెప్పుకుని జరిగినవే.

గల్ఫ్‌లో కొడుకులు, భర్తలు ఉన్నవారు ఈ మాట జాగ్రత్తగా వినండి. మీ డబ్బుతో ఇంకొకరి పేర ఆస్తి కొని, తరువాత అది నాదేనని దావా వేయడానికి 1988 నాటి బేనామీ చట్టం అడ్డువస్తుంది. లెక్క చూపగల సంపాదనతో భార్య పేర, పిల్లల పేర కొనడానికి ఆ చట్టంలో మినహాయింపు ఉంది. తమ్ముడు, అక్క, తండ్రి వంటివారితో కొనాలంటే దస్తావేజులో వారితో పాటు మీ పేరు కూడా ఉండాలి. ఇక్కడికి రాలేనివారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, సంతకం ధ్రువీకరింపజేసి పంపవచ్చు. ఆ కాగితం మన దేశం చేరిన మూడు నెలలలోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఇంకొక సంగతి. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు చట్టం దృష్టిలో ప్రవాస భారతీయులు. వారు ఇల్లు కొనవచ్చు, ఇంటి స్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమి, ఫారం హౌసు కొనడానికి వీలు లేదు, వారసత్వంగా వస్తే తప్ప. ఇన్ని గుంటలు మీవే, మామిడి మొక్కలు మేమే పెంచుతాం అని ఫారం ప్లాట్ల వారు వీడియో కాల్‌లో అమ్ముతున్నది సరిగ్గా ఈ పిల్లలకే.

ఇక డబ్బు మాటకు వస్తాం. మన ఇళ్ళలో ఈ విషయం మిగతావారికంటే చిక్కుగా ఉండడానికి ఒక కారణం మనలో ఉంది, ఇంకొకటి బయట ఉంది. రిబా హరామ్ అనే నమ్మకం మనది. మన బస్తీ పేరు వినగానే ముఖం చిట్లించే అలవాటు కొందరు అప్పిచ్చేవారిది.

రెండోది ముందు చెబుతాం. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ సంగతిని ప్రస్తావించింది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల మండలాలుగా గుర్తు పెట్టుకుని, అక్కడ అప్పు సులభంగా ఇవ్వడం లేదని అందులో ఉంది. మేము కూడా విన్నాం. 'మీ ఏరియాలో మా పాలసీ లేదు' అని కౌంటరు దగ్గర నోటిమాటగా చెబుతారు, మనవాడు తల వంచుకుని వస్తాడు. అలా రాకండి. ఎంత చిన్న అప్పయినా సరే, దరఖాస్తును తిరస్కరిస్తే ప్రధాన కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. కనుక దరఖాస్తు కూడా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కారణం రాసివ్వమనండి. ఇవ్వకపోతే బ్యాంకుకే ఫిర్యాదు రాయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు, దానికి రుసుము లేదు. మేము రాయించిన దరఖాస్తులలో అన్నీ ఫలించలేదు. కాని కారణం రాసివ్వమని అడిగిన తరువాత మేనేజరు గొంతు మారడం మాత్రం చూశాం.

ఇక రిబా. భారతదేశంలో వడ్డీ లేని బ్యాంకు లేదు. 2008లో రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఆర్థిక రంగ సంస్కరణల మీద ఏర్పడిన సంఘం వడ్డీ రహిత బ్యాంకింగుకు కూడా చోటు కల్పించాలని సిఫారసు చేసింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్ళదలచుకోలేదని 2017లో సమాచార హక్కు చట్టం కింద అడిగిన ప్రశ్నకు రిజర్వు బ్యాంకు జవాబిచ్చింది. కట్టుకున్న గుడ్డలతో ఉన్న కుటుంబం తలదాచుకోవడానికి బ్యాంకు అప్పు తీసుకోవచ్చునా, కూడదా అనేది మీరు నమ్మిన ఆలిములను అడగండి. మేము గుమాస్తాలం, ఫత్వా మా పని కాదు. మా పని లెక్క చూపించడం.

ఇరవై లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ, ఇరవై యేళ్ళ గడువు. నెలసరి వాయిదా సుమారు 17,995 రూపాయలు. మొదటి నెల కట్టిన దానిలో 15,000 వడ్డీ, 2,995 అసలు. ఇరవై యేళ్ళలో కట్టేది మొత్తం సుమారు 43 లక్షల 19 వేలు. అంటే తీసుకున్న అసలు కంటే వడ్డీయే ఎక్కువ. అయిదేళ్ళు తప్పకుండా కట్టినవాడు దాదాపు 10 లక్షల 80 వేలు చెల్లించి ఉంటాడు, అప్పటికీ అతడు బాకీ ఉన్నది 17 లక్షల 74 వేలు.

ఇది తాను ఉండే ఇంటికి చూసుకోండి, కనీసం అద్దె మిగులుతుంది. పెట్టుబడి కోసం ప్లాటు కొనేవారు ఇదే లెక్క ఇంకో విధంగా చూడాలి. 25 లక్షల ప్లాటు, చేతిలో 5 లక్షలు, అప్పు 20 లక్షలు అనుకుందాం. అయిదేళ్ళలో వడ్డీకి పోయేది సుమారు 8 లక్షల 54 వేలు. మన రాష్ట్రంలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను రుసుము కలిపి ఏడున్నర శాతం, పూర్తి ధర మీద లక్షా 87 వేల చిల్లర. అయిదేళ్ళ తరువాత ఆ ప్లాటు 35 లక్షల 40 వేలకు అమ్ముడుపోతే మీకు వచ్చిన లాభం సున్న. దళారీ కమీషను, పన్ను ఇంకా లెక్కలోకి రాలేదు. ఖాళీ ప్లాటు నెలకు రూపాయి అద్దె తేదు. 'భూమి ధర ఎప్పుడూ తగ్గదు' అని చెప్పేవారు ఉంటారు. తగ్గకపోవచ్చు. మీకు డబ్బు కావలసిన నెలలో కొనేవాడు రాకపోతే తగ్గినట్టే. కూతురి పెళ్ళికని ప్లాటు మీద డబ్బు పెట్టి, పెళ్ళి నాటికి అది అమ్ముడుపోక, వడ్డీకి తెచ్చి పెళ్ళి చేసినవారు మన మధ్యే ఉన్నారు.

బ్యాంకు అప్పు ఎవరు తీసుకున్నా గుర్తుంచుకోవలసినవి మరికొన్ని. ముప్పై లక్షల వరకు అప్పుకు ఇంటి విలువలో తొంభై శాతం వరకే ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకు పరిమితి పెట్టింది. మామూలుగా ఆ విలువలో రిజిస్ట్రేషను ఖర్చులు కలపరు, అవి మీ జేబులోవే. వడ్డీ రేటు పెరిగినప్పుడు వాయిదా మొత్తం మారకుండా గడువు నిశ్శబ్దంగా పెరుగుతుంది. ఇరవై యేళ్ళు అనుకున్నది పాతికేళ్ళవుతుంది. గడువు పెంచాలా, వాయిదా పెంచాలా అనేది ఎంచుకునే అవకాశం అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చివేస్తే వ్యక్తుల దగ్గర జరిమానా వసూలు చేయకూడదు. చేతిలోకి ఏ పెద్ద మొత్తం వచ్చినా ముందు అసలులో కట్టండి. తొంభై రోజులు వాయిదా ఆగితే ఆ అప్పు మొండి బాకీ జాబితాలో చేరుతుంది. తరువాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు వస్తుంది. కోర్టులో దావా గెలవనక్కరలేకుండానే ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేసే అధికారం బ్యాంకుకు ఆ చట్టం ఇచ్చింది. ఆ నోటీసును బీరువాలో పెట్టి దువా చేస్తూ కూర్చున్నవారిని చూశాం. దువా చేయండి, ఆ అరవై రోజులలోపే రాతపూర్వకంగా అభ్యంతరం కూడా పంపండి, బ్యాంకు పదిహేను రోజుల్లో దానికి జవాబివ్వాలి.

ఇప్పుడు అసలు బాధాకరమైన సంగతి. బ్యాంకు వడ్డీ వద్దనుకుని బయటికి వచ్చినవాడు ఎక్కడికి పోతున్నాడు? చాలామంది ఫైనాన్సు వారి దగ్గరికి పోతున్నారు. నూటికి రెండు రూపాయలు అంటే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి అది ఇరవై నాలుగు శాతం. అయిదు లక్షలు తెచ్చినవాడు నెలకు పదివేలు కడుతూ పోతే అయిదేళ్ళలో ఆరు లక్షలు కడతాడు, అసలు అయిదు లక్షలు అలాగే ఉంటుంది. పైగా అప్పు పత్రం రాయరు. ఇంటి మీద అమ్మకం అగ్రిమెంటో, ఏకంగా సేల్ డీడో రాయించుకుంటారు. 'తీర్చినప్పుడు తిరిగి రాసిస్తాం' అంటారు. కాగితం మీద మీరు అప్పు తీసుకున్నవారు కారు, ఇల్లు అమ్ముకున్నవారు. తొమ్మిది శాతానికి భయపడి ఇరవై నాలుగు శాతానికి చేరడం ఏ ధర్మం ప్రకారం తఖ్వా అవుతుందో ఆలోచించండి.

మరికొందరు 'హలాల్ లాభం' అనేవారి దగ్గరికి పోతున్నారు. లక్ష పెట్టండి, నెలకు మూడు వేలు ఇస్తాం, స్థలాల్లో వ్యాపారం చేస్తాం, ఇది వడ్డీ కాదు, ముదారబా అంటారు. కరపత్రం మీద మస్జిద్ గుమ్మటం బొమ్మ, సభలో ముందు వరుసలో గడ్డాలవారు. ముదారబా అంటే ఏమిటి? ఒకరి సొమ్ము, ఇంకొకరి శ్రమ, లాభంలో ముందు అనుకున్న నిష్పత్తి. నష్టం వస్తే సొమ్ము పెట్టినవానిదే. పెట్టిన మొత్తం మీద నెలనెలా ఇంత అని ముందే ఖాయం చేసిన రోజున అది ముదారబా కాదు, పేరు మార్చుకున్న వడ్డీ. ఇటువంటి వ్యవహారాలలో 2018, 2019 సంవత్సరాలలో హైదరాబాదులోనూ బెంగళూరులోనూ పెద్ద కేసులు నమోదయ్యాయి. వేల ముస్లిం కుటుంబాలు, ముఖ్యంగా ఒంటరి స్త్రీలు, పింఛనుదారులు తమ కష్టార్జితం కోసం పోలీసు స్టేషన్ల ముందు వరుసలు కట్టారు. అనుమతి లేకుండా ప్రజల నుండి డిపాజిట్లు సేకరించడాన్ని 2019లో పార్లమెంటు ప్రత్యేక చట్టంతో నిషేధించింది. చట్టం ఉన్నది కదా అని డబ్బు తిరిగి రాదు. పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: గత ఏడాది మీ వ్యాపారంలో ఏ నెలలో నష్టం వచ్చింది? ఎప్పుడూ రాలేదంటే లేచి వచ్చేయండి.

మరి దారులే లేవా? ఉన్నాయి, అయితే నెమ్మదైన దారులు. బిల్డరు దగ్గరే వాయిదాల మీద కొనడం ఒకటి. రొక్కానికి ఒక ధర, వాయిదాకు ఇంకొంచెం ఎక్కువ ధర ఉండవచ్చు. ఒప్పందం నాడే ధర ఒకటిగా ఖరారై, ఆలస్యమైనా పెరగకుండా ఉంటే అటువంటి అమ్మకాన్ని ఎక్కువమంది ఫుఖహాలు అంగీకరించారు. ఆలస్యానికి వడ్డీ అని ఒప్పందంలో ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉందేమో చూసుకోండి, చాలా వాటిలో ఉంటుంది. భాగస్వామ్యంగా కొనడం ఇంకొకటి. బంధువు సగం పెట్టాడు, మీరు సగం పెట్టారు. మీరు ఆ ఇంట్లో ఉంటూ అతని సగానికి అద్దె ఇస్తారు, చేతిలో డబ్బు చేరినప్పుడల్లా అతని వాటా కొంచెం కొంచెం కొంటారు. ఆలోచన చక్కనిది. కాని మన చట్టంలో వాటా బదిలీ అయిన ప్రతిసారీ స్టాంపు సుంకం పడుతుంది. కనుక అయిదారు సార్లు కొనే బదులు ఒకటి రెండు సార్లలో ముగిసేలా రాసుకోవడం మంచిది. ఏ ధరకు కొనాలి, ఎప్పటిలోగా కొనాలి, మధ్యలో ఒకరు మరణిస్తే వారసులు ఏం చేయాలి, ఈ మూడూ కాగితం మీద లేకపోతే మొదట చెప్పిన కుటుంబం సంగతి మళ్ళీ జరుగుతుంది.

పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లో వచ్చింది. దాని కింద రిజిస్టరై, బంగారం తాకట్టు మీద వడ్డీ లేకుండా, నిర్వహణ ఖర్చు మాత్రం తీసుకుని అప్పిచ్చే సంఘాలు మనవారివి ఉన్నాయి. వీటితో ఇల్లు రాదు. రిజిస్ట్రేషను ఖర్చు, చివరి వాయిదా, స్లాబు పడే నెలలో తగ్గిన లక్ష, అటువంటివి గడుస్తాయి. మనలో ఉన్నవారు తమ అదనపు సొమ్మును రెండో ప్లాటులో, మూడో ప్లాటులో పాతిపెట్టే బదులు ఈ సంఘాలలో సభ్యులై ఉంచితే ఫైనాన్సు వారి గుమ్మం ఎక్కేవారు తగ్గుతారు. చిట్టీల సంగతి కూడా ఇక్కడే చెబుతాం. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా చిట్టీ నడపకూడదు. ఇంటింటి చిట్టీ మునిగితే ఏ రిజిస్ట్రారు దగ్గరా మీ పేరు ఉండదు. రిజిస్టరైన చిట్టీ అయినా, అది పాటలో వస్తుందన్న ధీమాతో స్థలానికి బయానా ఇవ్వకండి. చిట్టీ రాలేదు, గడువు దాటింది, బయానా పోయింది అని మా గదిలో ఏడ్చినవారు ఒకరిద్దరు కారు.

బయానా అన్నాం కనుక ఒక మాట. బ్యాంకు అప్పు మీద ఆధారపడి కొనేవారు ముందు బయానా ఇచ్చి, తరువాత కాగితాలు బ్యాంకుకు చూపుతున్నారు. అది తలకిందుల పని. ముందు నకళ్ళు తీసుకుని వకీలుకో బ్యాంకుకో చూపండి. అగ్రిమెంటులో 'పత్రాలలో లోపం వల్ల లోను రాకపోతే బయానా వాపసు' అని ఒక్క వాక్యం రాయించండి. ఆ వాక్యానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే అతనికి తన పత్రాల మీద నమ్మకం లేదని అర్థం. స్థిరాస్తి వ్యవహారంలో ఇరవై వేలు, ఆపైన బయానాను నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. దానికి జరిమానా తీసుకున్నవాడికే అయినా, వివాదం వచ్చిననాడు నష్టం మనదే, ఎందుకంటే నగదుకు సాక్ష్యం లేదు. ప్రభుత్వ విలువకే రిజిస్టరు చేసి మిగతాది చేతికి ఇచ్చే అలవాటు మన ఊళ్ళలో ఎంత సామాన్యమో తెలుసు. రేపు అమ్మకం రద్దయితే కోర్టులో మీరు అడగగలిగేది కాగితం మీద ఉన్న మొత్తమే.

అపార్ట్‌మెంట్లు, వెంచర్లు చూసేవారికి 2016 నాటి రెరా చట్టం ఉంది. అయిదు వందల చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని ప్రాజెక్టు చేపడితే రెరాలో నమోదు కాకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా పది శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. కొన్నవారి నుండి వచ్చిన సొమ్ములో డెబ్బై శాతం ఆ ప్రాజెక్టుకే కేటాయించిన ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే వడ్డీతో సహా వాపసు అడిగే హక్కు మీకుంది. ఇంత చట్టం ఉండగా 'ప్రీ లాంచ్' అని, మొత్తం ఒకేసారి కడితే సగం ధరకే అని, భూమిలో విడదీయని వాటా రిజిస్టరు చేస్తామని అమ్ముతున్నారు. అనుమతి రాని భవనంలో పదో అంతస్తుకు డబ్బు కట్టిన మనిషి దగ్గర ఉన్నదేమిటి? వందల మందితో కలిసిన కొన్ని గజాల నేల. అతడు ఆ నేలను విడిగా అమ్మలేడు, దాని మీద కట్టుకోలేడు. సగం ధరకు వచ్చేది సగం ఇల్లు కూడా కాదు.

చవకగా దొరికే భూమి ఎందుకు చవకో అడగండి. నోటరీ కాగితం మీద, సాదా బైనామా మీద అమ్మితే హక్కు బదిలీ కాదు. వంద రూపాయలకు పైబడిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1882 నుండి చట్టం చెబుతోంది. జి.పి.ఎ.తోనో అగ్రిమెంటుతోనో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. పేదలకు ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమిని కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. చెరువు శిఖంలో ఇల్లు కడితే ఏమవుతుందో 2024లో హైడ్రా ఏర్పడిన తరువాత హైదరాబాదులో అందరం చూశాం. ఇల్లు కూలినా బ్యాంకు వాయిదా కూలదు. అప్పిచ్చారు కనుక స్థలం మంచిదే అన్న నమ్మకం కూడా సరికాదు.

వక్ఫ్ భూమి గురించి చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెప్పాలి. ఖబరస్తాన్ అంచున, దర్గా ఇనాం భూమిలో ప్లాట్లు చేసి అమ్ముతున్నవారిలో మనవారు ఉన్నారు, కొంటున్నవారిలోనూ మనవారే ఉన్నారు. వక్ఫ్ హక్కుల కోసం మనం ధర్నాలు చేస్తాం. అదే వక్ఫ్‌లో చవక గజాలు కొంటాం. ఈ రెండూ ఒకే నోటితో చేయలేం. ఆ అమ్మకం చెల్లదు, ఎన్ని చేతులు మారినా చెల్లదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో 22-ఎ నిషేధిత జాబితాను, వక్ఫ్ గెజిట్‌ను సర్వే నంబరుతో చూడండి. ఈ.సీ. తీసుకోండి, అయితే దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న తాకట్టు కొన్నిసార్లు ఈ.సీ.లో కనబడదు. సెర్సాయ్ రిజిస్ట్రీలో చిన్న రుసుముతో ఎవరైనా వెతకవచ్చు.

మన ఆస్తులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, హిబా. తాత నోటిమాటతో తండ్రికి ఇచ్చాడు, స్వాధీనం కూడా చేశాడు. ముస్లింల హిబా రాతలో ఉన్నా రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. చట్టరీత్యా చెల్లుతుంది గదా అని ఊరుకుంటే, రేపు ఆ ఇంటి మీద అప్పుకు పోయినప్పుడు బ్యాంకు వకీలు లింకు డాక్యుమెంటు అడుగుతాడు. ఇచ్చినవారు బతికి ఉండగానే రిజిస్టరు చేయించుకోండి. తాత సంతకం తాత బతికున్నప్పుడే దొరుకుతుంది.

చివరగా తల్లుల గురించి. ఎన్నో ఇళ్ళకు పునాదిలో పడ్డది భార్య నగలు. మహర్‌గా వచ్చినవీ, పుట్టింటివారు పెట్టినవీ. అవి ఆమె ఆస్తి. వాటిని అమ్మి ఇల్లు కొన్నప్పుడు దస్తావేజులో ఆమె పేరు ఎందుకుండదు? పేరు పెట్టకపోతే అది భర్త మీద అప్పు. అప్పుకు తేదీ, మొత్తం, ఇద్దరు సాక్షులు కావాలి. అప్పు రాసుకోవడం గురించిన ఆయత్, బఖరా సూరా 282, ఖుర్ఆన్ మొత్తంలో అన్నిటికంటే పొడవైనది. ఆ ఆయత్‌లో భార్యాభర్తలకు మినహాయింపు ఉన్నట్టు మేము ఎక్కడా చదవలేదు. భర్త మరణిస్తే వారసుల వాటాలకు ముందు అతని అప్పులు తీరాలి. ఆమె నగలు రాసి ఉంటే ఆ అప్పుల వరుసలో ఆమె నిలబడుతుంది. రాయకపోతే ఎనిమిదో వంతుతో సరిపెట్టుకోవాలి. ఇంటికి వెళ్ళి ఈ రాత్రే ఒక కాగితం రాసుకోండి. కోపం తెచ్చుకునే భర్తలు ఉంటే మా పేరు చెప్పండి.

ఆదివారం అసర్ నమాజు తరువాత మగ్రిబ్ వరకు మేము ఆ గదిలోనే ఉంటాం. ఇద్దరు కుర్ర వకీళ్ళు కూడా రుసుము లేకుండా వస్తున్నారు. కొనాలనుకుంటున్నవారు బయానా ఇవ్వకముందు రండి, ఇచ్చినవారు కూడా రండి. దస్తావేజు, ఈ.సీ., అగ్రిమెంటు, బ్యాంకు మంజూరు పత్రం, ఏది ఉంటే దాని నకలు తెచ్చుకోండి. నకలు చాలు. అసలు పత్రాలు ఇంట్లోనే ఉంచండి, ఎవరికీ ఇవ్వకండి, మాకు కూడా.